రేవు దాటించేవారు



గోదావరి జిల్లాల్లో మార్చి ఆఖరు, ఏప్రిల్ మొదలు ఊపిరాడని రోజులు. దాళ్వా చేలు కోతకు తిరుగుతుంటాయి. కాలువలు ఎప్పుడు కట్టేస్తారని ఆరా మొదలవుతుంది, ఆలోగా చెరువులు నింపుకోవాలని పంచాయతీల్లో హడావుడి. ఆవకాయకి కారం ఆడించే పని ఇంకోవైపు. ఇన్నింటి మధ్య ప్రతి ఊళ్ళోనూ ఒక సంగతి పెద్ద చప్పుడు లేకుండా జరిగిపోతుంది. పదో తరగతి పిల్లలు ఆఖరి పరీక్ష రాసి బయటికొస్తారు. అప్పటిదాకా వాళ్ళు బడిపిల్లలు. ఆ గేటు దాటాక ఏమిటన్నది వాళ్ళకీ తెలియదు, మనమూ సరిగ్గా చెప్పం. ఈ పూట ఆ పిల్లల గురించీ, వాళ్ళని బడి నుంచి కాలేజీకి చేర్చే మనుషుల గురించీ నాలుగు మాటలు చెప్పుకుందాం.

ఆఖరి పరీక్ష సాధారణంగా సాంఘికశాస్త్రం. అది అయిపోయాక గేటు బయట ఆ అరగంట చూసితీరవలసిందే. పేపరెలా రాశావని ఎవరూ ఎవర్నీ అడగరు. మా కాలంలో ఇంకు చల్లుకునేవాళ్ళం. ఫౌంటెన్ పెన్నులతోపాటు ఆ ముచ్చటా పోయింది. ఇప్పుడు చొక్కా వీపుమీద స్కెచ్ పెన్నులతో పేర్లు రాయించుకుంటున్నారు. ఆ యూనిఫారం ఇక వేసుకునేది లేదు గనక అమ్మలు కూడా చూసీచూడనట్టు ఊరుకుంటారు.

దీనికి కొన్ని వారాల ముందే బళ్ళో వీడ్కోలు సభ అయిపోతుంది. తొమ్మిదో తరగతివాళ్ళు చందాలు వేసుకుని పదో తరగతివాళ్ళకి చేసే మర్యాద అది. పులిహోర, మైసూర్‌పాకు ముక్క, చిన్న కూల్‌డ్రింకు సీసా. ఆడపిల్లలు అక్క చీరో వదిన చీరో కట్టుకుని, కుచ్చిళ్ళు తొక్కుకుంటూ వస్తారు. ఏడాదంతా వెనక బెంచీలో కూర్చుని మేస్టార్లని ఏడిపించిన కుర్రాడు మైకు దగ్గరికొచ్చి "అందరికీ నమస్కారమండి" అని ఆగిపోతాడు. రాసుకొచ్చిన కాగితం జేబులోనే ఉంటుంది, తియ్యడు. తరవాత గ్రూపు ఫొటో. మధ్యలో హెడ్‌మాస్టరుగారు, అటూ ఇటూ మేస్టార్లు, కింద బాసింపట్టు వేసుకుని పొట్టివాళ్ళు, వెనక బెంచీల మీద పొడుగువాళ్ళు. ఈ ఫొటోలో ఉన్న నలభై మందీ మళ్ళీ ఒకచోట చేరడం దాదాపు జరగదు. ఆ సంగతి ఫొటోలో నించున్నవాళ్ళకి తెలియదు, కుర్చీల్లో కూర్చున్న మేస్టార్లకి తెలుసు.

ఇక కాగితాల సంగతి. బడి మనకిచ్చే కాగితాల్ని మనం చాలా తేలిగ్గా చూస్తాం. పదో తరగతి నామినల్ రోల్స్ రాసే రోజుల్లో క్లాసు టీచరు ఒక్కొక్కర్నీ దగ్గరికి పిలిచి, చెయ్యి తిప్పి, మెడ వంచి చూసి రెండు పుట్టుమచ్చలు రాసుకుంటారు. కుడి మోచేతి మీద ఒకటి, ఎడమ చెంప మీద ఒకటి. కన్నతల్లి తరవాత ఆ పిల్లాడి పుట్టుమచ్చలు అంత పరీక్షగా చూసిన మనిషి ఆ మేస్టారే. ఇక పుట్టినతేదీ. పాత తరంవాళ్ళలో చాలామంది కాగితాల ప్రకారం జూన్, జులై నెలల్లోనే పుట్టారు. బళ్ళో వేసేటప్పుడు మేస్టారు అయిదేళ్ళు వెనక్కి లెక్కగట్టి ఒక తారీకు వేసేశారు మరి. ఆ తారీకు మీదే ఉద్యోగం, ఆ తారీకు మీదే రిటైర్‌మెంటు, ఆ తారీకు మీదే పింఛను.

కోనసీమవాళ్ళకి ఈ కాగితం ఇంకో సంగతి కూడా చెబుతుంది. మన దగ్గర గల్ఫ్ దేశాల్లో మనిషి లేని వీధి తక్కువ. పది పాసయినవాడి పాస్‌పోర్టుకి ఎమిగ్రేషన్ తనిఖీ అక్కర్లేదు. పాస్ కానివాడు కువైట్‌కో మస్కట్‌కో పనికి వెళ్ళాలంటే అనుమతి తీసుకోవాలి. అదెందుకు పెట్టారంటే, చదువులేని మనిషిని ఏజెంట్లు మోసం చేయడం తేలిక గనక. అంటే "పదితో ఏమొస్తుందిరా" అని మనం తీసిపారేసే ఆ సర్టిఫికెట్‌ని దేశం ఒక మనిషి తన్ను తాను కాపాడుకోగలడు అనడానికి గుర్తుగా పెట్టుకుంది. పదో తరగతిలో ఉండగా వాళ్ళమ్మ కువైట్‌లో పనిచేస్తుంటే, అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకున్న పిల్లలు నాకు చాలామంది తెలుసు. హాల్‌టికెట్ వచ్చినరోజు దాన్ని ఫొటో తీసి మొట్టమొదట పంపేది అమ్మకే.

సరే, పరీక్షలయ్యాయి. మర్నాడు పొద్దున్నే ఇంటి ముందు మోటారుసైకిలు ఆగుతుంది. ప్రైవేటు కాలేజీ పీఆర్వోగారు. అసలు మర్నాడు అనడం కూడా తప్పే, సంక్రాంతి నాటికే వచ్చి వెళ్ళి ఉంటాడు. రంగురంగుల కాగితాలు, కిందటేడు ర్యాంకర్ల ఫొటోలు, ఇప్పుడు కడితే ఫీజులో తగ్గింపు. ఆ సాయంత్రం అరుగు మీద కూర్చున్న పెద్దాయన ఆ ఇంటి కుర్రాడిని పిలుస్తాడు.

"ఏరా అబ్బాయ్, ఏ గ్రూపు?"

"ఎంపీసీ అండి."

"ఎందుకని?"

"నాన్నగారు కట్టేశారండి."

"మరి నీకేది ఇష్టం?"

"ఆయ్, తెలవదండి."

అని నవ్వేసి సైకిలు తొక్కుకుంటూ పోతాడు. ఆ నవ్వు చూసి చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వేస్తారు. నాకైతే నవ్వు రాదు. పదిహేనేళ్ళు నిండిన పిల్లాడికి తన గురించి తనకు తెలియకపోవడం తప్పు కాదు. వాడిని ఇంతవరకూ ఎవరూ ఆ ప్రశ్న అడగకపోవడమే తప్పు. అలాగని తండ్రిని తిట్టి లాభం లేదు. కౌలుకి చేస్తూ రెండు పంటలకీ అప్పుచేసి పెట్టుబడి పెట్టే మనిషి, కొడుకుని చేలోకి దిగనివ్వకూడదని పంతం పట్టడంలో న్యాయం ఉంది. ఆయనకి తెలిసిన దారి ఇంజనీరింగు ఒక్కటే. ఇంకో దారి ఉందని చెప్పే మనిషి ఆ ఇంటికి రాలేదు, పీఆర్వో వచ్చాడు.

నేను చెప్పదలుచుకున్నదంతా ఇక్కడే ఉంది. ఈ డెల్టాలో పిల్లల్ని బడి నుంచి కాలేజీకి చేర్చినవి మార్కులు మాత్రమే కావు. ఎప్పుడూ ఎవరో ఒక మనిషి ఆ పిల్లాడిని గమనించాడు, పేరుపెట్టి పిలిచాడు, చెయ్యి పట్టుకుని రేవు దాటించాడు. కొంచెం వెనక్కి వెళ్ళి చూద్దాం.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ మరుసటేడు, 1853లో, రాజమహేంద్రవరంలో జిల్లా స్కూలు పెట్టారు. ఇరవై ఏళ్ళకి, 1873లో, అది కాలేజీ అయింది. ఇవాళ మనం ఆర్ట్స్ కాలేజీ అనేది దాన్నే. కందుకూరి వీరేశలింగంగారు తెలుగు పండితులుగా పనిచేసింది అక్కడే. ఆనకట్ట వచ్చాక కాలువల్లో నీళ్ళతోపాటు పడవలూ నడిచాయి. ఆ పడవల్లోనే లంకల నుంచీ, కాలువగట్ల ఊళ్ళ నుంచీ కుర్రాళ్ళు చదువుకి బయల్దేరేవాళ్ళు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద మనుషులు తాడుతో లాగడం. లాకుల దగ్గర నీళ్ళు సమానమయ్యేదాకా కూర్చోవడం. బియ్యం మూట, ఊరగాయ జాడీ, పరుపుచుట్ట. ఇల్లు వదిలిన కుర్రాడు మళ్ళీ దసరాకో సంక్రాంతికో తప్ప ఇంటి ముఖం చూసేవాడు కాదు.

అక్కడికి చేరాక తిండి ఎలా? బీద బ్రాహ్మణ కుర్రాళ్ళు వారాలు చేసుకునేవాళ్ళు. సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఇంకో ఇంట్లో, అలా ఏడు వారాలకి ఏడిళ్ళు. ఏ ఇల్లాలైనా పుట్టింటికి వెళితే ఆ వారం పస్తు. ఈ వారాల గురించి మనవాళ్ళు చాలా ఆప్యాయంగా రాసుకున్నారు. రాసుకోవలసిందే. కానీ ఆ ఆప్యాయత అందరి పిల్లలకీ అందలేదన్న మాట కూడా చెప్పకపోతే అబద్ధమవుతుంది. కొన్ని కులాల పిల్లలకి వీధి అరుగు దాటి రావడానికే వీల్లేని రోజులవి. వాళ్ళకి ఏ వారమూ లేదు.

టంగుటూరి ప్రకాశంగారి కథ చాలామందికి తెలుసు, అయినా ఈ సందర్భంలో మళ్ళీ చెప్పుకోవాలి. ఒంగోలులో మిడిల్ స్కూలు పరీక్షకి ఫీజు మూడు రూపాయలు. ఇంట్లో లేవు. తల్లి పూటకూళ్ళు నడిపి పిల్లల్ని సాకుతున్న మనిషి. ఆవిడ తన పట్టుచీర తాకట్టు పెట్టి ఆ మూడు రూపాయలు తెచ్చింది. ఈ కథ అందరూ ఇక్కడికే ఆపేస్తారు. ఆ తరవాత జరిగింది ఇంకా ముఖ్యం. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారని ఆయన మేస్టారు. ఒంగోలు వదిలి రాజమండ్రి వస్తూ, చదువు ఆగిపోయేలా ఉన్న ఈ కుర్రాడిని కూడా తనతో తీసుకొచ్చేశారు. ప్రకాశంగారు పైచదువుకి గోదావరి ఒడ్డుకి చేరింది అలా. తరవాత మద్రాసులో లా చదివి, రాజమండ్రిలోనే ప్లీడరీ చేసి, ఆ ఊరికే మునిసిపల్ చైర్మన్ అయ్యారు. ఆయన ముఖ్యమంత్రి అయిన సంగతి సరే. ఒక బడిపంతులు ఊరు మారుతూ సామానుతోపాటు ఒక శిష్యుడిని కూడా వెంట తీసుకెళ్ళాడన్నది ఆలోచించండి. ఇవాళ బదిలీ మీద వెళుతున్న మేస్టారు ఆ పని చేయనక్కర్లేదు. వెళ్ళేముందు ఒక్క పిల్లాడి తండ్రితో పది నిమిషాలు మాట్లాడితే చాలు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రాజమండ్రి కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే అని ఒక ఇంగ్లీషాయన ప్రిన్సిపాలుగా ఉండేవారు. ఆయనకి బొమ్మలంటే పిచ్చి. ఆ ఊళ్ళో బొమ్మలు గీసుకుంటున్న దామెర్ల రామారావు అనే కుర్రాడు ఆయన కంట్లో పడ్డాడు. ఆ రోజుల్లో బొమ్మలు గీసే కొడుకుని ఏ ఇంట్లోనైనా ఏమంటారో మీరూహించగలరు. కూల్డ్రేగారు ఆ కుర్రాడిని ప్రోత్సహించి, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి చేరే దారి చూపించారు. రామారావు తిరిగొచ్చి రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టాడు. 1925లో మశూచి సోకి, ముప్ఫై ఏళ్ళు కూడా నిండకుండానే పోయాడు. ఆయన బొమ్మలున్న గ్యాలరీ రాజమండ్రిలో గోదావరి గట్టు పక్కనే ఉంది. పది రాసిన పిల్లలకి ఈ సెలవుల్లో ఒక పూట ఖాళీ దొరికితే తీసుకెళ్ళి చూపించండి. అడివి బాపిరాజుగారు కూడా ఈ కూల్డ్రే శిష్యుడే.

ఇక కాకినాడ. పిఠాపురం రాజావారి కాలేజీలో రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు పదిహేనేళ్ళదాకా ప్రిన్సిపాలుగా ఉన్నారు. తెల్లని దుస్తులు, గట్టి నియమాలు. పిఠాపురం మహారాజా సూర్యారావు బహద్దూర్ ఆయన శిష్యుడే. ఆ శిష్యుడి అండతో అనాథ పిల్లలకి శరణాలయం, దళిత విద్యార్థులకి హాస్టలు వచ్చాయి. ఇందాక చెప్పానే, ఏ వారమూ లేని పిల్లలు అని. వాళ్ళకి అన్నం పెట్టి చదువు చెప్పాలని ఒక ప్రిన్సిపాలు, ఒక జమీందారు పూనుకోవడం వందేళ్ళకి పైబడిన మాట. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు ఆ కాలేజీలో చదివి, జీవితాంతం వెంకటరత్నం నాయుడుగారిని గురువుగా తలుచుకున్నారు.

స్వాతంత్ర్యం వచ్చే నాటికి డెల్టా మనసు మారింది. మన పిల్లలు పొరుగూరెందుకు వెళ్ళాలి, కాలేజీనే ఇక్కడికి తెచ్చుకుందాం అన్నారు. భీమవరంలో 1945లో, నరసాపురంలో 1949లో, అమలాపురంలో 1951లో కాలేజీలొచ్చాయి. వాటి పేర్లలోనే దాతల పేర్లున్నాయి. వరి అమ్ముకున్న డబ్బు, కొబ్బరి అమ్ముకున్న డబ్బు తరగతి గదులయింది. చదువు లెక్క కూడా మారింది. పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, పదకొండో తరగతి ఎస్సెస్సెల్సీ, ఆ మీద ఏడాది పీయూసీ. 1969–70 నుంచి పది తరవాత రెండేళ్ళ ఇంటర్మీడియట్ వచ్చింది. వంతెనలూ వచ్చాయి. ఎదుర్లంక దగ్గర గౌతమి మీద బాలయోగిగారి పేరుతో వారధి వచ్చాక, ఒకప్పుడు రేవులో పడవ కోసం పడిగాపులు పడ్డ ఊళ్ళ పిల్లలు బస్సెక్కి కాకినాడ వెళ్ళి సాయంత్రానికి ఇంటికొస్తున్నారు. ఇప్పటికీ నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద దాటే కాలేజీ పిల్లలున్నారు, అది వేరే సంగతి.

ఇంత కష్టపడి కాలేజీని ఇంటి దగ్గరికి తెచ్చుకున్నవాళ్ళం, ఇప్పుడు మళ్ళీ పిల్లల్ని దూరం పంపుతున్నాం. విజయవాడ, గుంటూరు హాస్టళ్ళకి. తెల్లారకముందే నిద్రలేపడం, రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్లు, నెలకోసారి అమ్మానాన్నల్ని చూడ్డం. హాస్టళ్ళన్నీ చెడ్డవని నేననను. గురుకులాల్లో చదివి పైకొచ్చిన బీదపిల్లలు వేలల్లో ఉన్నారు, వాళ్ళకి హాస్టలే ఇల్లు. కానీ ఇంటి దగ్గర కాలేజీ ఉండి, బస్సు ఉండి, వేళకి అన్నం పెట్టే అమ్మ ఉండి, పక్కింటి కుర్రాడు వెళ్ళాడని మనవాడినీ పంపడం ఏం లెక్క? కార్పొరేట్ కాలేజీల్లో పిల్లలు ఎందుకు ప్రాణాలు తీసుకుంటున్నారో చూడమని మన ప్రభుత్వాలు 2001లో నీరదారెడ్డి కమిటీని, 2017లో చక్రపాణి కమిటీని వేయవలసివచ్చింది. ఒక రాష్ట్రం ఒకే బాధ మీద రెండుసార్లు కమిటీ వేసిందంటే తల్లిదండ్రులు ఒక్కక్షణం ఆగి ఆలోచించాలి.

ఇప్పుడు మార్కులు తక్కువొచ్చినవాళ్ళ గురించి, తప్పినవాళ్ళ గురించి.

1895లో భీమవరంలో ఒక పిల్లాడు పుట్టాడు. పదమూడో ఏట ఇంట్లోంచి పారిపోయాడు, కాశీలో యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి డబ్బు గడించాలని. వెతికి పట్టుకొచ్చారు. రాజమండ్రిలో బళ్ళో వేశారు. ఇంట్లో వరసగా చావులు, జబ్బులు. మెట్రిక్యులేషన్ తప్పాడు. మళ్ళీ తప్పాడు. చివరికి మద్రాసు ట్రిప్లికేన్ హిందూ హైస్కూల్లో చేరి మూడోసారికి గట్టెక్కాడు. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. ఫోలిక్ ఆమ్లం తయారీ, క్యాన్సర్‌కి వాడే మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్, వీటన్నిటి వెనకా ఆయన ప్రయోగశాల ఉంది. మూడోసారికి మెట్రిక్ పాసయినవాడి మందు ఇవాళ ప్రపంచమంతా ఆసుపత్రుల్లో వాడుతున్నారు.

ఇక్కడ కూడా చెయ్యి పట్టుకున్నవాళ్ళున్నారు. ఆయన అమెరికా వెళ్ళడానికి మామగారు డబ్బు కూడగట్టారు. కాకినాడలో మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాటిచ్చింది. బర్మాలో వ్యాపారం చేసి గడించిన డబ్బుని చదువులకి రాసిచ్చిన మనిషి ఆ నాయకర్. పరీక్ష తప్పిన పిల్లాడు బాగుపడడానికి తెలివితేటలు ఒక్కటే చాలవు. తప్పిన తరవాత కూడా వాడి మీద రూపాయి పెట్టే మనుషులు కావాలి.

మన రోజుల్లో పది తప్పితే ఏడాది పోయేది. ఇప్పుడలా కాదు. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు వేసవిలోనే పెడుతున్నారు, రాసి పాసయితే ఆ ఏడే కాలేజీలో చేరవచ్చు. ఈ సంగతి ఫలితాల రోజు సాయంత్రం పిల్లాడికి ఎవరో ఒకరు చెప్పాలి. ఆ సాయంత్రం వాడిని ఒంటరిగా వదలకండి. "ఫలానావాళ్ళబ్బాయికి ఎన్నొచ్చాయో చూశావా" అన్న మాట ఆ వారం ఇంట్లో వినబడకూడదు. మీవల్ల కాకపోతే టెలీ మానస్ అని ప్రభుత్వం వాళ్ళ ఫోను సాయం ఉంది, నంబరు 14416. మళ్ళీ చెబుతున్నాను, 14416. పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు ఖర్చు లేదు.

ఆడపిల్లల దగ్గరికొస్తే ఈ ప్రయాణం ఇంకా ఇరుకు. 1874లో ధవళేశ్వరంలో వీరేశలింగంగారు ఆడపిల్లల బడి పెట్టారు. ఆ తరవాత ముప్ఫై అయిదేళ్ళకి రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయిగారికి ఎనిమిదో ఏటే పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్ళి తనకి అక్కర్లేదని ఆవిడే చెప్పేసింది. స్వాతంత్ర్యోద్యమంలో పడి బడి చదువు పోగొట్టుకుంది. తరవాత పెద్దయ్యాక బెనారస్ మెట్రిక్ కట్టి, ఆంధ్రా యూనివర్సిటీలో డిగ్రీలు చేసి, లా చదివి, రాజ్యాంగసభలో కూర్చుంది. తనకి బెనారస్ మెట్రిక్ దారి తెలిసింది గనక, చదువాగిపోయిన ఇతర ఆడవాళ్ళకి కూడా ఆ పరీక్షకి పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. ఆంధ్ర మహిళా సభ మొదలైంది అలాంటి పనితోనే. తాను దాటిన రేవుకి తిరిగొచ్చి మిగతావాళ్ళ కోసం పడవ కట్టిన మనిషి.

ఇవాళ అడ్డంకులు కొన్ని తగ్గాయి. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో ఆడవాళ్ళకి ఛార్జీ లేని ప్రయాణం వచ్చింది. బస్సు ఛార్జీలు దండగని ఆడపిల్లని కాలేజీ మాన్పించిన ఇళ్ళు నాకు తెలుసు, ఇప్పుడు ఆ మాట చెల్లదు. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో కూడా మధ్యాహ్నం అన్నం పెడుతున్నారు, మన లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి పేరుతో. అంతకుముందు పదో తరగతిదాకా బళ్ళో అన్నం తిన్న పిల్ల, పదకొండులోకి రాగానే క్యారేజీ లేకపోతే ఖాళీ కడుపుతో కూర్చోవలసి వచ్చేది. అయినా పది అవ్వగానే మంచి సంబంధమొచ్చిందనే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. పద్దెనిమిది నిండకుండా పెళ్ళి చట్టవిరుద్ధం. అలాంటిది జరగబోతోందని తెలిస్తే 1098కి ఫోను చేయండి, పిల్లలే చేసినా వింటారు.

ఎంపీసీ, బైపీసీ తప్ప లోకంలో ఇంకేమీ లేనట్టు మాట్లాడుకుంటాం గనక ఒకటి రెండు దారులు చెబుతాను. పాలీసెట్ రాస్తే మూడేళ్ళ డిప్లొమా, ఆ తరవాత ఈసెట్ రాసి నేరుగా ఇంజనీరింగు రెండో ఏడులో చేరవచ్చు. పల్లెల్లో ప్రభుత్వ బడుల్లో చదివి మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్ళకి నూజివీడు ట్రిపుల్ ఐటీ ఉంది, ఆరేళ్ళ చదువు ఒకేచోట. పది తరవాత వ్యవసాయ డిప్లొమా కూడా ఉంది. మన మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన ఎంటీయూ 7029, అదే స్వర్ణ, తూర్పు రాష్ట్రాల్లో లక్షల ఎకరాల్లో పండుతోంది. ఆ కేంద్రం ముందునుంచి రోజూ బస్సులో వెళ్ళే పిల్లల్లో లోపల ఏం జరుగుతుందో చూసినవాళ్ళు ఎంతమంది? తాడేపల్లిగూడెం పక్కన వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయమే ఉంది. కడియం నర్సరీల్లో మొక్కలు అంటుకడుతూ పెరిగిన పిల్లాడికి అది ఎంత దగ్గర చదువు!

ఒక చిన్న బాధ కూడా చెప్పుకోనివ్వండి. ఇంటర్‌లో చాలామంది మార్కుల కోసం రెండో భాషగా సంస్కృతం తీసుకుంటారు. సంస్కృతం మీద నాకేమీ కోపం లేదు. కానీ ఆ పిల్లలకి పదో తరగతి తెలుగు పేపరే జీవితంలో ఆఖరి తెలుగు చదువు. ఆదికవి నన్నయ నడిచిన ఊరి పిల్లలు పదిహేనో ఏట తెలుగు పుస్తకం మూసేస్తున్నారు. ఈ సెలవుల్లో వాళ్ళకి ఒక తెలుగు కథల పుస్తకం ఇవ్వండి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారిది అయితే మరీ మంచిది. ఆయనది మన పొలమూరే, ఆ మాటలు వాళ్ళ అమ్మమ్మ మాటల్లాగే ఉంటాయి.

ఇక, ఈ ప్రసంగం వింటున్న పిల్లలు ఎవరైనా ఉంటే, మీతో రెండు మాటలు. కాలేజీలో మిమ్మల్ని ఇంటిపేరుతో ఎవరూ గుర్తుపట్టరు. మీ అన్నయ్య ఎలా చదివాడో, మీ నాన్నగారు ఏం చేస్తారో అక్కడ లెక్చరరుగారికి తెలియదు. మొదట్లో అది దిగులుగా ఉంటుంది. తరవాత అదే మంచిదని తెలుస్తుంది. బళ్ళో మీ మీద పడిన ముద్రలు, మొద్దనో అల్లరివాడనో, అవన్నీ బళ్ళోనే ఉండిపోతాయి. కొత్తగా మొదలుపెట్టవచ్చు. పాఠం అర్థం కాకపోతే లేచి అడగండి. మొదటి నెలలో అడగనివాడు రెండేళ్ళూ అడగడు. పాత స్నేహితులతో వాట్సాప్ గ్రూపు పెట్టుకుంటారు, బావుంటుంది. కానీ మీ తరగతిలో చదువు ఆపేసి వలకో, రొయ్యల చెరువు కాపలాకో, కిరాణా కొట్లోకో వెళ్ళినవాడు ఉంటాడు చూడండి, వాడు ఆ గ్రూపులో మాట్లాడడు. మీరే వాడింటికి వెళ్ళి పలకరించండి. ఓపెన్ స్కూలు ద్వారా ఇంటర్ చదవవచ్చని చెప్పండి. మీరు చెబితే వింటాడు.

పెద్దలకి నా మనవి ఒక్కటే. జూన్‌లో కాలువలకి నీళ్ళొదిలేలోపు, మీ వీధిలో ఈ ఏడాది పది రాసిన పిల్లలెవరో కనుక్కోండి. ఒక్కొక్కర్నీ పిలిచి ఏ కాలేజీకి వెళుతున్నారో, ఏం చదవాలనుందో అడగండి. తెలవదండి అంటే కూర్చోబెట్టి మాట్లాడండి. ఎక్కడికీ వెళ్ళడం లేదంటే ఎందుకో అడగండి. ఫీజు అడ్డమైతే ఊళ్ళో పదిమందితో చెప్పండి. టీసీ ఇంకా బళ్ళోనే ఉండిపోతే హెడ్‌మాస్టరుగారి దగ్గరికి మీరే తీసుకెళ్ళండి. బళ్ళు తెరిచేదాకా ఆగితే సీట్లుండవు.